ఒంటి పిన్ను పాఠం

నేను పనిచేసే బౌలింగ్ సెంటర్ హైదరాబాదులో ఒక పెద్ద దుకాణ సముదాయం పై అంతస్తులో ఉంటుంది. పొద్దున తలుపులు తీసి ఆటగాళ్లను లోపలికి పిలవకముందే నూనె రాసే యంత్రం ఒక్కొక్క లేన్ మీదుగా మెల్లగా పోయి వస్తుంది. బంతి దొర్లే ఆ అరవై అడుగుల బాట పాడవకుండా, బంతి సాఫీగా జారేలా, పలచగా నూనె పూస్తారు. ఆ నూనెకు అసలు వాసనే లేదంటారు నాతో పనిచేసేవాళ్లు. నాకు మాత్రం వస్తుంది. దానితోపాటు అక్కడ లేని మరో వాసన కూడా వస్తుంది. అది కందిపొట్టు దుమ్ము వాసన. ఎందుకంటే ఆ నూనెను నేను మొట్టమొదట చూసింది మా ఊరు నారాయణఖేడ్‌లో, కంగ్టి పోయే తోవలో ఉన్న ఒక పాత కందుల గోదాములో. అక్కడ యంత్రం లేదు. సంగప్ప కాక మోకాళ్ల మీద కూర్చుని, పాత దుప్పటి ముక్కను నూనెలో ముంచి పిండి, చెక్క మీద ఒకే దిక్కుగా తుడుచుకుంటూ వెనక్కి జరిగేవాడు. అరవై అడుగులూ అయ్యేసరికి నడుము పట్టేసి, గోడ ఆసరాతో లేచేవాడు. ఆయన గురించి నాకు తెలిసినవాళ్లెవరికీ తెలియదు. ఆటల పేజీల్లో ఆయన పేరు ఎప్పుడూ రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

సంగప్ప కాక మాకు చుట్టం కాదు. మా ఇంటికి నాలుగిళ్లవతల ఉండేవాడు. సొంతూరు కర్ణాటక సరిహద్దున, నాగల్‌గిద్ద దగ్గర. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో కన్నడంలోకి జారిపోయేవాడు. పడుచు వయసులో మస్కట్ వెళ్లి, అక్కడ ఒక బౌలింగ్ హాలులో పదిహేనేళ్లు మెకానిక్‌గా పనిచేశాడు. బౌలింగ్ అంటే మా వైపు అందరికీ క్రికెట్టే గుర్తొస్తుంది. ఇది వేరు. లేన్ చివర సీసాల ఆకారంలో ఉండే పది పిన్నులను త్రికోణంగా నిలబెడతారు. మూడు వేళ్లు దూర్చి పట్టుకునే బరువైన బంతిని దొర్లించి వాటిని పడగొట్టాలి. ఒక్కో విడతకు రెండు బంతులు. మొదటి బంతికే పదీ పడితే స్ట్రైక్, మిగిలినవన్నీ రెండో బంతికి పడితే స్పేర్. పడినవాటిని ఎత్తి మళ్లీ నిలబెట్టే యంత్రాలు లేన్ వెనుక ఉంటాయి. కాక పని ఆ యంత్రాల మధ్య, ఆటగాళ్లకు కనపడని ఇరుకు సందులో. అక్కడే కుడిచేతి వేళ్లు రెండు పోగొట్టుకున్నాడు. రెండువేల మూడులో నడుము నొప్పితో ఊరికి వచ్చేశాడు. వచ్చిన కొన్నాళ్లకు, పట్నంలో మూతబడిన ఒక హాలు నేల చెక్కను తుక్కు కింద ఇచ్చేస్తున్నారని విని, ఒక లేన్‌కు సరిపడా పలకలు, కొన్ని పిన్నులు, నాలుగు బంతులు లారీలో వేయించుకొచ్చి, ఖాళీగా ఉన్న ఆ గోదామును అడిగి తీసుకుని అందులో పరిచాడు. ఆయనకు పిచ్చి లేచిందని ఇంట్లోవాళ్లే అన్నారు. మొదటి నెల ఈ గుండాట ఏందో చూద్దామని ఊరంతా వచ్చింది. రెండో నెలకు ఎవరూ లేరు.

ఇక నా సంగతి. నా పేరు రూతు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ కూలికి పోయి నన్ను చదివించింది. బడిలో గుండు విసరడంలో నాకు మంచి పేరు ఉండేది. జిల్లాలో మొదటి స్థానం వచ్చింది. రాష్ట్ర పోటీలకు రమ్మన్న ఉత్తరం నా చేతికి అందేసరికి ఆ పోటీలు అయిపోయాయి. తప్పు ఎవరిదో ఎవరూ చెప్పలేదు, నేను అడగనూ లేదు. ఇంటర్ అయ్యాక కుట్టుమిషన్ ముందు కూర్చున్నాను. పంతొమ్మిదేళ్లకే నా జీవితంలో జరగాల్సిందంతా జరిగిపోయినట్టు అనిపించేది. ఆ రోజుల్లోనే కాక ఒక గోనెసంచుల మూట తెచ్చి, పిన్నుల వెనుక బంతులను ఆపడానికి నాలుగు మడతల తెర కుట్టమన్నాడు. కుట్టిన తెర బరువుగా ఉండడంతో కట్టడానికి నేనూ వెళ్లాను. పని అయ్యాక ఆయన ఒక బంతి నా చేతికిచ్చి వేసి చూడమన్నాడు. నాకు తెలిసిన పద్ధతిలోనే వేశాను. రెండు చేతులతో భుజం మీదికెత్తి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తోశాను. బంతి గాల్లో పోయి లేన్ మధ్యలో దభీమని పడింది. కాక తన ఛాతీ మీద పడ్డట్టు ముఖం పెట్టాడు. వెళ్లి సొట్ట పడ్డచోట చేత్తో తడిమి, తిరిగొచ్చి మెల్లగా అన్నాడు.

“ఇది ఇసిరేది కాదు బిడ్డా. ఇడిసిపెట్టేది. బరువు దానికున్నది. నువ్వు తోవ సూపెడితే సాలు.”

మర్నాటి నుంచి, కుట్టుపని మొదలయ్యేలోగా, పొద్దున రెండు గంటలు గోదాములో ఉండేదాన్ని. అక్కడ పిన్నులు నిలబెట్టే యంత్రం లేదు, చేత్తోనే నిలబెట్టాలి. పది పిన్నులంటే ఆటకు వందసార్లు వంగాలి. అందుకని కాక ఒక్కటే పిన్ను పెట్టేవాడు. కొన్నాళ్లు కుడి మూల, కొన్నాళ్లు ఎడమ మూల, కొన్నాళ్లు మధ్యలో వెనుక వరుస. నేను బంతి వేసి, అరవై అడుగులు నడిచి పోయి, పిన్నును లేపి నిలబెట్టి, బంతిని తీసుకుని మళ్లీ అరవై అడుగులు నడిచి రావాలి. నడిచేటప్పుడు ఎంతైనా ఆలోచించుకోమనేవాడు, బంతి వేసే గీత దగ్గరికి వచ్చాక మాత్రం ఆలోచన బంద్ చెయ్యమనేవాడు. మూడు నెలలైనా పది పిన్నులు నిలబడి ఉండగా నేను ఒక్క బంతి వేయలేదు. ఒకరోజు విసుగొచ్చి, ఇదేం ఆట కాకా, ఒక్క పిన్నునే ఎన్నాళ్లు కొట్టాలె అన్నాను. ఆయన నవ్వి, తన నడుమును అడగమన్నాడు. చాలా ఏళ్ల తర్వాత, అదంతా కావాలనే చేశాడా అని మళ్లీ అడిగితే కూడా అదే జవాబు. నడుము నొప్పే గురువు, తను కాదన్నాడు. ఏదైతేనేం, ఆరు నెలలకు ఏ మూల ఒంటరిగా ఏ పిన్ను మిగిలినా పదిట్లో తొమ్మిదిసార్లు పడగొట్టగలిగాను. పట్నంలో ఏళ్ల తరబడి ఆడేవాళ్లకు కూడా అది రాదని నాకు అప్పుడు తెలియదు.

ర్యాంకింగ్ అనే మాట ఆయన నోట మొదటిసారి విన్నది ఒక వానాకాలం పొద్దున. అప్పట్లో నేనాడిన పోటీల పద్ధతి ఇది. ఏడాదికి నాలుగు నగరాల్లో నాలుగు పోటీలు. ఒక్కోదాంట్లో వచ్చిన స్థానాన్ని బట్టి పాయింట్లు. గెలిచినవారికి అందరికన్నా ఎక్కువ, ఆ తర్వాతివారికి కాస్త కాస్త తగ్గుతూ ఇరవైనాలుగో స్థానం దాకా ఇస్తారు. నాలుగూ కలిపి చూసి, మొదటి ఎనిమిదిమంది ఆడవాళ్లను దేశపు శిక్షణ శిబిరానికి పిలుస్తారు. కాక సుద్దముక్కతో గోదాము గోడ మీద ఇద్దరు ఆటగాళ్లను గీసి, వాళ్ల పాయింట్లు రాశాడు. ఒకరు ఒక పోటీ గెలిచారు, ఇంకోదానికి పోలేదు, మిగతా రెండిట్లో ఎక్కడో అడుగున నిలిచారు. రెండోవారు ఏదీ గెలవలేదు, కానీ నాలుగిట్లోనూ ఆరో ఏడో స్థానం తెచ్చుకున్నారు. కూడి చూడమన్నాడు. రెండోవారే పైన ఉన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు, మళ్లీ కూడి చూశాను. అప్పుడు ఆయన చెప్పిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

“ఓడిపోయిన పోటీకి గూడ ఏదో ఒకటి ఇస్తరు బిడ్డా. పోని పోటీకి సున్నా. నాకు తెల్సిన పెద్ద లెక్క గిదొక్కటే.”

రాష్ట్ర పోటీల ఉత్తరం సంగతి ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు, అసలు తెలుసో లేదో కూడా తెలియదు. కానీ నేను గోడ మీది ఆ సున్నా వంక చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. తర్వాత, ఆట ఆడని మనిషికి ఇదంతా ఎట్లా తెలుసని అడిగాను. ముందు నుంచి చూసేవాళ్లకు ఆటగాడు కనపడతాడు, వెనుక నుంచి చూసే తనకు మిగిలిపోయిన పిన్నులు కనపడేవి అన్నాడు. పదిహేనేళ్లు అవే చూశాడట. స్ట్రైక్ కొట్టినప్పుడు చప్పట్లు కొట్టించుకున్నవాళ్లు సాయంత్రానికి ఎక్కడ తేలారో, మూలన మిగిలిన పిన్నును చప్పుడు లేకుండా పడగొట్టి తీసుకున్నవాళ్లు ఎక్కడ తేలారో ఆయనకు లెక్క తెలుసు. నాకోసం ఆయన తయారుచేసిన పద్ధతి కూడా అంత సాదాది. నాలుగు పోటీలకూ పోవాలి. పోటీలో మొదటి ఆటలు దాటి రెండో దశకు అర్హత వచ్చేదాకా గెలుపు మాట తలవకూడదు. నాది నేరుగా పోయే బంతి కాబట్టి, నూనె అప్పుడే పూసి ఉండే పొద్దుటి పూట ఆడేవాళ్లలోనే పేరు ఇయ్యాలి. రెండు మూలల్లో రెండు పిన్నులు మిగిలితే ఒక్కటి తీసుకుని ఊరుకోవాలి.

అమ్మను ఒప్పించడం వీటన్నిటికన్నా కష్టమైంది. పోటీలు ఎక్కువగా ఆదివారాలే ఉండేవి. మా ఇంట్లో ఆదివారం చర్చి మానడమన్నది లేదు. కాక మా ఇంటికి వచ్చి, గడప బయటే నిలబడి, చేతులు కట్టుకుని అడిగాడు. ప్రార్థన ఇడిసి గుండాట ఏంది అంది అమ్మ. ఆయన వాదించలేదు. పొలాల్లో కంది కోతలప్పుడు ఆదివారం వాన వచ్చేటట్టుంటే కోయవా అక్కా అని మాత్రం అడిగాడు.  చివరికి అమ్మ, ఎక్కడున్నా పొద్దున లేచి ప్రార్థన చేసుకోవాలని నాతో మాట తీసుకుని ఒప్పుకుంది. ఆయన శివుడికి దండం పెట్టుకునే మనిషి. అయినా ఏ ఊరు పోయినా, ఆట ముందు, నువ్వు అమ్మకిచ్చిన మాట చెల్లించినవా అని గుర్తుచేసి మరీ అడిగేవాడు.

మొదటి పోటీ హైదరాబాదులో. లోపలికి అడుగుపెట్టగానే ఒకటే చప్పుడు. ఇరవై లేన్లు, దీపాలు, పాటలు. అంతకన్నా పరేషాన్ చేసింది యంత్రం. నేను బంతి వేసి తిరిగేలోపే పిన్నులు నిలబడి ఉండేవి, బంతి వచ్చి పక్కన ఆగేది. నడవాల్సిన పని లేకపోవడంతో ఆలోచించుకునే సమయం పోయింది. మొదటి రెండు ఆటలూ అధ్వానంగా ఆడాను. వెనుక కుర్చీలో కూర్చున్న కాకకు విషయం అర్థమైంది. ప్రతి బంతి తర్వాత నీళ్ల కుండీ దాకా నడిచిపోయి రమ్మన్నాడు. జనం వింతగా చూశారు. నేను నడిచాను. మిగిలిన నాలుగు ఆటల్లో ఒక్క మూల పిన్ను కూడా వదల్లేదు. ఇరవైయో స్థానం వచ్చింది, పిడికెడు పాయింట్లు. నాకు ఏడుపొస్తుంటే కాక మాత్రం తిరుగు బస్సులో పక్కవాళ్లందరికీ, మా బిడ్డకు సున్నా పోయింది అని చెప్పుకుంటూ వచ్చాడు.

ఆ మరుసటి ఏడాది నేను బాగా ఆడాను. మూడు పోటీలయ్యేసరికి పేరు పట్టికలో ఎనిమిది దగ్గర ఊగుతోంది. ఆఖరిది బెంగుళూరులో. అక్కడ ఒకమ్మాయి నేను ఎక్కడ నేర్చుకున్నానని అడిగి, ఒంటి లేన్ గోదాము సంగతి విని, పక్కవాళ్లకు చెప్పి నవ్వింది. అందులో అంత తప్పేమీ లేదు, కానీ నాకు మంట పుట్టింది. చివరి ఆట చివరి విడతలో నాకు రెండు మూలల్లో రెండు పిన్నులు మిగిలాయి. ఒక్కటి తీసుకుంటే చాలు, అరుదుగా తప్ప రెండూ ఎవరికీ పడవు. ఆ అమ్మాయి చూస్తోందని నాకు తెలుసు. రెండూ కొట్టి చూపిద్దామనుకున్నాను. ఒక పిన్ను అంచుకు తగిలించి దాన్ని రెండో మూలకు పంపాలని వేసిన బంతి, ఆ పిన్నుకు వెంట్రుకవాసి దూరంలో జారిపోయి లేన్ పక్కనుండే కాలువలో పడింది. ఒక్కటీ పడలేదు. లెక్క తేలాక, నా పై స్థానంలో నిలిచినామెకూ నాకూ తేడా ఒక్క పిన్ను. ఆ ఒక్కటి పడి ఉంటే సమంగా నిలిచి ఆ స్థానం పాయింట్లు నాకూ వచ్చేవి. అవి లేక, ఆ ఏడాది పట్టికలో నా పేరు తొమ్మిదోది అయింది.

తిరుగు ప్రయాణంలో బీదర్ దాకా కాక ఆ బంతి మాట ఎత్తలేదు. తిట్టినా బాగుండుననిపించింది. బీదర్ బస్టాండులో తెల్లవారాక, బొరుగులతో చేసిన సుసలా రెండు పొట్లాలు తెచ్చి ఒకటి నాకిచ్చాడు. తింటూ, ఎప్పుడూ చెప్పని వేళ్ల సంగతి చెప్పాడు. యంత్రంలో ఒక పిన్ను ఇరుక్కుంది. ఆట ఆగిపోయిందని ముందు నుంచి ఎవరో పెద్దమనిషి అరుస్తున్నాడు, పైవాడు చూస్తున్నాడు. జల్దీగా పని చేసి శభాష్ అనిపించుకుందామని యంత్రం ఆపకుండానే చెయ్యి పెట్టాడు.

“స్విచ్చి నాలుగడుగుల దూరంల ఉండె,” అన్నాడు. “నాలుగడుగులు నడ్వలే నేను. నీది ఒక్క పిన్నే పోయింది. వచ్చే ఏడు మల్ల నిలబెడ్తరు దాన్ని.”

నేను ఆ రోజు బీదర్ బస్టాండులో ఏడ్చినంత ఎప్పుడూ ఏడవలేదు. కానీ అది ఓడిపోయిన ఏడుపు కాదని ఊరు చేరేలోపే అర్థమైంది. ఆ మర్నాడే గోదాముకు వెళ్లాను. కాక నేను అడగకుండానే రెండు మూలల్లో రెండు పిన్నులు పెట్టాడు. ఒక్కటి తీసుకోవడం ఎలాగో మూడు వారాలు నేర్చుకున్నాను. చేతికి కాదు, మనసుకు నేర్పాల్సి వచ్చింది.

మూడో ఏడు మొదటి మూడు పోటీలూ ఆయన చెప్పినట్టే సాగాయి. ఆఖరిది హైదరాబాదులో. అందులో మొదటి పన్నెండుమందిలో ఉంటే శిబిరం ఖాయం. పోటీకి పదిహేను రోజుల ముందు కాక ఒక కొత్త మాట అన్నాడు. ఈసారి ముందే పట్నం పోయి, మా చిన్నమ్మ ఇంట్లో ఉండి, అక్కడి లేన్ల మీదే ఆడి అలవాటు చేసుకోమన్నాడు. తన నడుము బాగాలేదని, తాను రాలేనని చెప్పాడు. నేను నమ్మాను. ఆయన లేకుండా ఆడిన మొదటి పోటీ అదే. ప్రతి బంతికీ వెనక్కి నడిచాను. ఆఖరి ఆటలో మళ్లీ రెండు మూలల పిన్నులు మిగిలాయి. ఈసారి ఎవరు చూస్తున్నారో నేను చూడలేదు. కుడి మూలదాన్ని తీసుకుని వచ్చి కూర్చున్నాను. పదో స్థానం వచ్చింది. ఏడాది మొత్తం కలిపి ఏడో ర్యాంకు.

నారాయణఖేడ్ బస్టాండులో దిగి ఇంటికి కూడా పోకుండా సంచితోనే గోదాముకు నడిచాను. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల కప్పు దాకా కందుల బస్తాలు పేర్చి ఉన్నాయి. హమాలీలు ఇంకా దింపుతున్నారు. లేన్ లేదు. సుద్దతో గీసిన గోడ బస్తాల వెనుక పడింది. కాక తన ఇంటి వెనుక, ఊడదీసిన పలకల మీద తాటిపత్రి కప్పి, దాని అంచుల మీద రాళ్లు పెడుతున్నాడు. ఆ ఏడు పంట బాగా వచ్చిందని, గోదాము తిరిగి కావాలని యజమాని నెల కిందటే అడిగాడట. పోటీ అయ్యేదాకా ఆగమని కాక అడిగితే, కోతలు ఆగవు కదా అన్నాడట. అందుకే నన్ను ముందుగా పట్నం పంపి, ఇక్కడ ఒక్కడే మేకులు ఊడదీశాడు. నాకు ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను.

“చెప్తే ఏం చేస్తుంటివి? ఈడ గూసోని పలకలు మోస్తుంటివి,” అన్నాడు. “మోసేటందుకు నేనున్న. ఆడేటందుకు నువ్వొక్కదానివే ఉన్నవు. ఎన్నోది వచ్చింది చెప్పు.”

ఏడోది అని చెప్పాను. చేతిలో ఉన్న రాయిని కింద పెట్టి, కండువాతో ముఖం తుడుచుకున్నాడు. అంతసేపు తుడుచుకోవడానికి అది చెమట కాదని ఇద్దరికీ తెలుసు.

శిబిరంలో పెద్ద శిక్షకుడు ఒకాయన నా ఆట చూసి, స్పేర్లు చాలా బాగున్నాయి గానీ గెలవాలన్న ఆకలి లేదన్నాడు. బంతిని వంకరగా తిప్పడం నేర్చుకోకపోతే పైకి పోలేనన్నాడు. అది నిజమే. నేను కొన్నేళ్లు రాష్ట్రం తరఫున ఆడాను గానీ ఒక్క పెద్ద పోటీ కూడా గెలవలేదు. కాక నేర్పిన జాగ్రత్తే నన్ను అక్కడిదాకా తెచ్చింది, బహుశా అక్కడే ఆపింది కూడా. ఆ శిక్షకుడు అన్న మాట దాచకుండా కాకకు చెప్పాను. బాధపడతాడనుకున్నాను. నాకొచ్చింది గంతే బిడ్డా, మిగిలింది వచ్చినోళ్ల దగ్గర నేర్చుకో అన్నాడు, అంతే తేలిగ్గా. తర్వాత ఆయన మోటార్ల వైండింగ్ పనిలో పడ్డాడు. లేన్ పలకల్లో కొన్నిటితో ఇంటికి అటక వేయించుకున్నాడు. నాకు ఈ సెంటర్‌లో నేర్పే ఉద్యోగం దొరికింది. అమ్మను తెచ్చుకున్నాను. ఏడాదికి రెండుమూడుసార్లు ఖేడ్ పోయినప్పుడల్లా ఆయనను చూసి వచ్చేదాన్ని.

రెండువేల పద్నాలుగులో, వానలు మొదలైన రోజుల్లో, ఆయనకు ఊపిరాడడం లేదని తెలిసి వెళ్లాను. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చేశారు. మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నా దగ్గర నేర్చుకునే పిల్లల గురించి అడిగాడు, వాళ్ల ర్యాంకులు అడిగాడు. తర్వాత, నిన్ను ఒక్క మాట అడగలే నేను అన్నాడు. ఏంది కాకా అన్నాను.

“గీ ఆట నీకిష్టమా అని అడగలే. బంతి చేతుల పెట్టిన, పాయింట్లు లెక్కబెట్టిన. ఇష్టమా అని అడగనే లేదు.”

అబద్ధం చెప్పాలనిపించలేదు. మొదట్లో ఇష్టం లేదు కాకా అన్నాను. పొద్దున్నే ఒకరు నాకోసం తలుపు తీసి ఎదురుచూస్తున్నారన్నది ఇష్టంగా ఉండేదని, దానికోసమే వచ్చేదాన్నని చెప్పాను. ఆట మీద ఇష్టం ఎప్పుడు పుట్టిందో నాకే తెలియదని, ఇప్పుడైతే అది లేకుండా ఉండలేనని చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. అయితే ఫర్వాలే అన్నాడు. పది రోజులకు పోయాడు.

అప్పటి నుంచి నా దగ్గరికి కొత్తగా ఎవరు నేర్చుకోవడానికి వచ్చినా, బంతి చేతికివ్వకముందు ఇక్కడ నీకేం నచ్చిందని అడుగుతాను. పిన్నులు పడే చప్పుడని కొందరు చెబుతారు, దీపాలని కొందరు. బూట్లు నచ్చాయని ఒకబ్బాయి చెప్పాడు. ఏది చెబితే అక్కడి నుంచి మొదలుపెడతాను. పాయింట్ల లెక్క తర్వాత చెప్పుకోవచ్చు. మొన్న ఒకమ్మాయి మాత్రం ఏమీ చెప్పలేదు, తల వంచుకుని నిలబడింది. సరే, రేపు రా అన్నాను. మర్నాడు మామూలుకన్నా ఒక గంట ముందే వచ్చి, తలుపు తీసి, ఆ అమ్మాయి కోసం కూర్చున్నాను.